చుక్కలు రాలిన దుప్పులు

కువైట్‌లో, సబ్హాన్‌లోని మా దాణా గోదాముకు చిన్నపుల్లయ్య తిరిగి వచ్చిన రోజున అతని కాళ్ళకు ఇరాకీ సైనికుల బూట్లున్నాయి. నాకు ముందు కనబడినవి అవే. తర్వాత ఒంటి మీద వాళ్ళదే చొక్కా, భుజం మీద పిండి మూట కనబడ్డాయి. ఆ తర్వాత వాసన వచ్చింది, మాంసం కొట్టు వెనక సందులో వచ్చే వాసన. రోడ్డు మలుపులో అతన్ని దింపి వెళ్ళింది మిలటరీ ట్రక్కు. ఇంత చూశాక, వాళ్ళ మనిషైపోయాడని ఇంకొకరొచ్చి విడమర్చి చెప్పక్కర్లేదు.

“అత్తారింటి నుంచి వస్తున్నాడ్రా అల్లుడు. బూట్లు కూడా పెట్టారు,” అన్నాడు బంగారయ్య బాబాయ్, షట్టరు సందులోంచి చూస్తూ.

బాబాయ్ మా కఫీల్‌కి, అంటే మాకు వీసాలిచ్చిన అరబ్బు యజమానికి, లారీ డ్రైవరు. మాది రాజోలు దగ్గర. నేను అమలాపురంలో డిగ్రీ మధ్యలో వదిలేసి ఊరి మీద తిరుగుతుంటే, వీసా తెప్పించి ఇక్కడ బస్తాలు మొయ్యడానికి పెట్టింది ఆయనే. ఆగస్టులో సద్దాం సైన్యం వచ్చిపడేసరికి కఫీల్ కుటుంబంతో సహా ఏదో చల్లటి దేశంలో ఉన్నాడు. రుమైథియాలో ఆయన ఇంట్లో పనిచేసే తిరుపాలమ్మ కొన్నాళ్ళు తలుపులు బిగించుకుని గడిపి, చివరికి మా దగ్గరికి వచ్చేసింది. ఆమెదీ చిన్నపుల్లయ్యదీ రాయచోటి వైపు పక్కపక్క ఊళ్ళు. అన్నా అని పిలిచేది గాని అతని మీద ఆమెకీ పెద్ద భ్రమల్లేవు.

మా ప్రాణాలన్నీ ఒక లారీలో ఉన్నాయి. దాన్ని గోదాములో ఒక మూలన పెట్టి, ముందు బార్లీ బస్తాలు గోడలా పేర్చాం. సామాన్లతో దేశం వదిలిపోతున్న బండిని సైనికులు వదిలేస్తున్నారు. ఊరికే నిలబడి ఉన్న బండి కనబడితే మాత్రం పట్టుకుపోతున్నారు. బాబాయ్ ఎక్కడెక్కడో తిరిగి డీజిలు పోగుచేశాడు. పక్క వర్క్‌షాపుల్లో మిగిలిన మనవాళ్ళని కూడా ఎక్కించుకుని, బస్రా మీదుగా జోర్డాన్ దాకా పోతే అక్కడ విమానం దొరుకుతుందన్నారు. ఎల్లుండి పొద్దున్నే ప్రయాణం. సరిగ్గా అప్పుడు దిగాడు చిన్నపుల్లయ్య.

అతను లోపలికొచ్చి పిండి మూట తిరుపాలమ్మ ముందు పెట్టాడు. మమ్మల్ని బాగున్నారా అని కూడా అడగలేదు. నేరుగా గోదాము వెనక దొడ్లోకి వెళ్ళాడు.

ఆ దొడ్డి సంగతి చెప్పాలి. ఎత్తైన గోడలు, ఒక రేకుల పంచ, ఒక ఇనుప తలుపు. బయటి రోడ్డు నుంచి చూస్తే పాత పైపుల గుట్ట తప్ప ఏమీ కనబడదు. అందులో కఫీల్ మోజుపడి తెప్పించుకున్న జంతువులున్నాయి. మే నెలలో చెక్క పెట్టెల్లో, విమానంలో వచ్చాయి. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, దాని మీద తెల్లటి చుక్కలు. కఫీల్ వాటిని గజాల్ అన్నాడు. బాబాయ్ లేళ్ళన్నాడు. నేను జింకలన్నాను. చిన్నపుల్లయ్య పెట్టె సందులోంచి కాసేపు చూసి, “జింక గాదబ్బీ ఇది. జింకకు కొమ్ము రాలదు. ఇది దుప్పి. మా కొండల్లో ఉండేదే, కొమ్ములు మాత్రం కొత్త రకం,” అన్నాడు. నిజమే, మగదాని కొమ్ములు పెరిగే కొద్దీ కొసన చేటల్లా వెడల్పయ్యాయి. దానికి చేటకొమ్ములోడని పేరు పెట్టాడు. ఆడవాటికి చుక్కల్ని బట్టి పేర్లు. వీపంతా వరసగా చుక్కలుంటే ముగ్గుది. పక్కల్లో చుక్కలన్నీ కలిసిపోయి నాగలి చాలులా గీత పడితే సాలుది. చిన్న చిన్న తెల్ల మచ్చలు ఎగిరి పడినట్టుంటే జొన్నపేలాలది. ఇంకా ఉన్నాయి. ఎన్నో మాత్రం చెప్పను. మందను లెక్కపెట్టి పైకి చెప్పకూడదని అతని పట్టు. కఫీలే వచ్చి ఎన్ని బాగున్నాయి, ఎన్ని నలతగా ఉన్నాయి అని అడిగినా, “ఉండాయిలే బాబా,” అనేవాడు తెలుగులో. కఫీల్‌కి అర్థమయ్యేది కాదు. నవ్వి వెళ్ళిపోయేవాడు.

నాకు అప్పటినుంచే అనుమానం. లెక్క చెప్పనివాడు ఎందుకు చెప్పడు?

సెప్టెంబరులో సైనికులొచ్చి గోదాములో ఫోర్క్‌లిఫ్టు తీసుకుపోయారు. వెనక ఏముందని ఒకడు అటు నడవబోతే, చిన్నపుల్లయ్య ఎదురెళ్ళి, చేత్తో మెడ మీద కత్తి పెట్టినట్టు చూపించి, ఘనమ్ ఘనమ్ అన్నాడు. ఘనమ్ అంటే గొర్రెలు. గొర్రెలు కోస్తానని చెప్పుకున్నాడు. వాళ్ళకి కసాయి కావాలి కాబోలు, అక్కడికక్కడే ట్రక్కెక్కించుకుని షుఐబా వైపు తీసుకుపోయారు. ఇతనూ ఎక్కాడు, కనీసం వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్ళే ఎక్కించారా, ఇతనే ఎక్కాడా అని ఆ తర్వాత చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఎక్కాడనే తేల్చాం.

అప్పటినుంచి దొడ్లో మేత వెయ్యడం నా మీద పడింది. నేను ఇనుప తలుపు కిటికీలోంచి మేత తోసేసి, గొట్టం పెట్టి తొట్టి నింపేసి వచ్చేవాణ్ణి. మధ్యలో మగది గొంతులో బస్తా ఈడ్చినట్టు అరవడం మొదలుపెట్టింది. సైనికులకి వినబడుతుందని దాన్ని తిట్టాను గాని, ఏవి ఎలా ఉన్నాయని ఎప్పుడూ చూడలేదు. నాకవి మేత తినే నోళ్ళు, అంతే.

నవంబరులో తిరిగొచ్చి దొడ్లోకి వెళ్ళిన చిన్నపుల్లయ్య ఎంతోసేపు అక్కడ ఉండలేదు. తలుపు దభాలున వేసి నా మీదికొచ్చాడు.

“నా దుప్పులు యాడబ్బీ?”

“దొడ్లోనే ఉన్నాయి కదా.”

“ఆడుండేటియా? అయి నా దుప్పులా? నన్ను జూసి గోడకు గుద్దుకునేటట్టు పరిగెత్తినాయి. నా సాలుది నన్ను జూసి పరిగెత్తుతాదా? సరేలే, బెదిరింటాదని దగ్గరికి పోతే చుక్కే లేదు. ఒక్కదానికీ చుక్క లేదు. బూడిద గాడిదల్ను తెచ్చి పెట్టి దుప్పులంటావా?”

నేను వెళ్ళి చూశాను. అతను చెప్పింది నిజం. ఎర్రమట్టి రంగు లేదు, ముగ్గు లేదు, చాలు లేదు. అన్నీ మసిగుడ్డ రంగులో, చివరి గోడకి ఆనుకుని చెవులు నిక్కించి చూస్తున్నాయి. జంతుశాలల్లో మేమూ దుప్పుల్ని చూసినవాళ్ళమే. దుప్పికి చుక్కలు పుట్టుకతో వచ్చి చావుతో పోతాయి. మరి ఇన్నాళ్ళూ నేను మేత వేసింది వేటికి?

అప్పుడు నా చూపు బాబాయ్ మీదికి పోయింది. ఊరంతా డీజిలు లేక అల్లాడుతుంటే ఈయనకి అన్ని డబ్బాలు ఎక్కణ్ణించి వచ్చాయి?

“అలా చూస్తావేంట్రా,” అన్నాడు బాబాయ్. “ఖాళీ కంపెనీల్లో జనరేటర్లు పిండుకొచ్చాను. దుప్పుల్నిచ్చి డీజిలు తెచ్చాననుకుంటున్నావా? అయినా దుప్పినిచ్చి గాడిదని తెచ్చుకునే బేరం ఎవడైనా చేస్తాడా?”

“లెక్క సరిపెట్టేదానికి తెస్తారు,” అన్నాడు చిన్నపుల్లయ్య. “దొంగకు ఆ మాత్రం తెలీదా?”

“లెక్కంటున్నావు కదా, ఎన్నుండాలో చెప్పు. పెట్టెలు దింపినవాణ్ణి నేను. ఇప్పుడే లెక్కపెడతాను.”

చిన్నపుల్లయ్య వెళ్ళి దొడ్డి తలుపుకి అడ్డం నిలబడ్డాడు. లెక్క మాత్రం చెప్పడు.

“సూడండబ్బా, చోద్యం,” అంది తిరుపాలమ్మ పిండి జల్లిస్తూ. “దొంగతనం జరిగిందంటాడు, ఎన్ని పోయినాయంటే సెప్పడు. అన్నా, నువ్వు ఈ పిండి యాడ తెచ్చినావో అదన్నా సెప్పు ముందు.”

“కూలికిచ్చినారు.”

“ఏం కూలి?”

“కోసే కూలి. దినామూ కోసేదే. ఎవురి గొర్రెలో, యా తోటలో పట్టుకొచ్చినారో. నా చెప్పులు నెత్తుట్లో నాని తెగిపాయ. అందుకు బూట్లిచ్చినారు. దండు ఇంకో తావుకు పోయింది. నన్ను వొద్దన్నారు. వచ్చినా.”

అంత చక్కగా కుదిరిన కథని నేను నమ్మను. సైన్యం తను పట్టుకుపోయిన మనిషిని ట్రక్కులో తెచ్చి ఇంటి మలుపులో దింపుతుందా? ఆ మాటే పైకి అన్నాను.

“నన్నడగతావా నువ్వు?” అన్నాడు అతను. “నేను లేనప్పుడు దుప్పులు నీ చేతిలో ఉండె. తినినారో, అమ్మినారో, పట్టుకపోయినారో. తినింటే తినినారు. కరువులో ఉండారు, ఏమీ అనను. చెవులు యాడ?”

“ఏం చెవులు?”

“చచ్చిన జీవానికి చెవి కోసి ఆసామికి సూపియ్యాల. చెవి లేకుంటే అది సావల్యా, అమ్ముకున్నట్టు.”

నేను నవ్వాను. అతను నవ్వలేదు. రేపు మధ్యాహ్నం దాకా చూస్తానని, అప్పటికి దుప్పులైనా చెవులైనా కనబడకపోతే రోడ్డు మీద చెక్‌పోస్టుకి వెళ్ళి చెబుతానని అన్నాడు. అక్కడి పెద్దాఫీసరు తన చేతి మాంసం తిన్నవాడట. “నేను సెప్తే ఇంటాడు. వాళ్ళ మనుసులే పట్టుకపోయింటే అడగతా. మీరు అమ్మింటే మిమ్మల్నే అడగతాడు.”

చెక్‌పోస్టు నుంచి ఒక్క సైనికుడు వచ్చినా బస్తాల వెనక లారీ బయటపడుతుంది. లారీ పోతే మేమే కాదు, వర్క్‌షాపుల్లో మూటలు సర్దుకుని కూర్చున్న వాళ్ళంతా ఇక్కడే ఉండిపోవాలి. శీతాకాలంలో యుద్ధం వస్తుందని అప్పటికే అందరూ అనుకుంటున్నారు.

“కట్టేద్దాం,” అన్నాడు బాబాయ్ నన్ను పక్కకి లాగి. “ఎల్లుండి దాకా ఆ చిన్న గదిలో పడేస్తే సరి. దుప్పుల పేరు పెట్టుకున్నాడు గాని వీడు వాళ్ళ మనిషేరా. లారీ వాసన తగిలింది. చూసిరమ్మని పంపారు.”

“లారీ ఇక్కడుందని ఆయనకి ముందే తెలుసు కదా బాబాయ్. చెప్పేవాడైతే ఈపాటికి చెప్పేసేవాడు.”

“అయితే నువ్వు కాపలా కాయి. చదువుకున్నవాడివి.”

రెండో సంవత్సరం దాటనివాణ్ణి చదువుకున్నవాడివి అన్నాడంటే చాకిరీ నా నెత్తిన పడుతున్నట్టే. సాయంత్రం దాకా షట్టరు పక్కన చిన్నపుల్లయ్య ఎదురుగా కూర్చున్నాను. అతను దొడ్డి వైపు పోలేదు. ఆ నకిలీ జంతువుల మొహం చూడనన్నాడు. నా మొహమే చూస్తూ కూర్చున్నాడు, అందులో ఎక్కడో ఒక చెవి కనబడుతుందన్నట్టు.

మాటల్లో పెట్టి ఏదైనా రాబడదామని, ఎందుకయ్యా నీకీ చెవుల గోల అని అడిగాను.

చెప్పాడు. అతను పుట్టింది గొర్రెల మధ్యనే. సొంతం కొంచెం, ఊరి ఆసాములవి ఎక్కువ, అన్నీ కలిపి కొండకి తోలేవాడు. ఒక ఏడు వానలు పడ్డ కొత్తలో లేత గడ్డి మేసి మందకి చిటుకు రోగం తగిలింది. పొద్దున గంతులేసింది మధ్యాహ్నానికి కాళ్ళు బారజాపేది. కొండ మీద పూడ్చిన చోటల్లా చెవులు కోసి, ఉప్పు రాసి, పైగుడ్డలో మూటకట్టుకుని ఊళ్ళోకి దిగాడు. ఆసాముల ముందు మూట విప్పాడు. వాళ్ళు చెవులు చూశారు. ఒకడన్నాడట, బతికున్నవాటి చెవులు కోసి గొర్రెల్ని సంతలో అమ్ముకొచ్చాడని. చెవి లేని గొర్రెని ఎవడు కొంటాడని ఇతను అడిగితే, కసాయి కొంటాడు అన్నారట.

“ఇంగ ఆ ఊర్లో నాకు మేపేదానికి ఎవురూ ఇయ్యల్యా. నా గొర్రెలు ఎట్లనూ సచ్చిపాయ. నా పెండ్లాము గూడా ఒకదినం అడిగె, నిజం సెప్పు, అమ్మినావా అని. కోయిటుకు వచ్చినా. రుమైథియాలో చెట్లకు నీళ్ళు పట్టినా. ఈ దుప్పులు దిగినంక కఫీలు నన్ను పిలిచి, రాయీ అన్నాడు. రాయి అంటే గొర్రెలకాపరి అంట వాళ్ళ బాసలో. మళ్ళా నన్ను ఆ మాటనె ఒగడు.” దొడ్డి వైపు చెయ్యి చూపించాడు. “ఇప్పుడు ఆయప్ప వచ్చి నా గజాల్ యాడ అంటే గాడిదల్ను సూపియ్యాల్నా? రెండోతూరి దొంగనై నేను యా మొగం పెట్టుకుని ఇంటికి పోవాల?”

నాకు కొంచెం జాలేసింది. వెంటనే అదీ అనుమానమే అయింది. మనిషి జాలిపడేలా మాట్లాడుతున్నాడంటే అవతల ఏదో పని ఉండి ఉండాలి. పక్కనే ఉన్న బస్తా మీద కాళ్ళు చాపుకుని షట్టరుకి అడ్డంగా పడుకున్నాను.

మర్నాడు పొద్దున బాబాయ్ ఇంకో తగువు తెచ్చాడు. “మాతో వస్తే రా, మానితే మాను గాని, ఆ బూట్లు, ఆ చొక్కా మా కళ్ళెదుట వద్దు. ఇండియావాడి కాళ్ళకి మిలటరీ బూట్లు చూస్తే మిలటరీ సామాను ఎత్తుకొచ్చామని అందరినీ నిలబెట్టి కాలుస్తారు.”

“కంపు గూడా,” అంది తిరుపాలమ్మ. “నిన్న నువ్వొచ్చినప్పట్నుంచి నాకు అన్నం దిగల్యా అన్నా. పోయి నీళ్ళు పోసుకో. సబ్బు ఇస్తా.”

అది మాత్రం విన్నాడు. గోదాము కుళాయిలో వచ్చే ఉప్పునీళ్ళతో ఒళ్ళు రుద్దుకున్నాడు. తిరుపాలమ్మ ఇచ్చిన పాత లుంగీ చుట్టుకుని, చొక్కా లేకుండా, ఎండ ఎక్కడ తగులుతుందా అని చూసుకుని దొడ్లోకి నడిచాడు. తొట్టి దగ్గర తప్ప మిగతా అంతా నీడే. వాటిని చూడనన్నవాడు వాటికి వీపు పెట్టి, తొట్టి దగ్గర నేల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా గడువిచ్చాడు కదా, ఆ గడువు అక్కడ గడుపుతున్నాడు. నేను తలుపు కిటికీలోంచి చూస్తున్నాను. లేచి బయల్దేరితే తలుపు గడియ పెట్టమని బాబాయ్ ఆజ్ఞ. గడియ మీద చెయ్యి వేసే నిలబడ్డాను.

చేటకొమ్ములోడు అనబడేది చివరి గోడ దగ్గరే ఉండిపోయింది. ఆడవాటిలో ఒకటి ముందుకొచ్చింది. రెండడుగులు వేసి ఆగి, ముక్కు ఎత్తి గాలి పీల్చింది. నిన్న గోడకి గుద్దుకునేలా పరిగెత్తినవి ఇవే. ఇవాళ ఆ నెత్తుటి కంపు లేదు. మెల్లగా అతని వెనక్కి వచ్చి, వీపు మీద ఉప్పునీళ్ళు ఆరిన చోట నాకడం మొదలుపెట్టింది.

అతను కదల్లేదు. తల తిప్పలేదు. చెయ్యి మాత్రం వెనక్కి పోనిచ్చి, మెడ మీదుగా తడుముకుంటూ చెవి పట్టుకున్నాడు. చెవి కొసని వేళ్ళ మధ్య పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. పెట్టెలో వచ్చినప్పుడు మేకు గీరుకుని సాలుదాని చెవి కొస చీలింది. నెల్లాళ్ళు పసుపు, నూనె రాసింది ఇతనే. అది నాకుతున్నంతసేపూ ఆ చెవిని వదల్లేదు.

నేను లోపలికెళ్ళాను. అతను నేల మీంచి ఏదో ఏరుతున్నాడు. గోడ వార, తొట్టి కింద, పేడలో, అంతటా ఎర్రటి వెంట్రుకలు కుప్పలుగా పడి ఉన్నాయి. మధ్యమధ్య తెల్లవి. రోజూ నేను చూసి చెత్త అనుకున్నవి.

“ఇదేనబ్బీ,” అన్నాడు. “సాలుదే. చెవి ఉండాది.” తర్వాత చేతిలోని తెల్ల వెంట్రుకల్ని చూసుకుంటూ, “కొమ్ములు రాలినట్టే చుక్కలూ రాలుస్తాదేమో ఈ జాతి. సలికాలానికి. మా కొండలో ఉండేది రాల్చదు,” అన్నాడు.

బాబాయ్ వచ్చి చూసి, బొచ్చు పట్టుకుని వేళ్ళతో నలిపి, “ఇది ముందే తెచ్చి పోశారేమో,” అన్నాడు వెటకారంగా. చిన్నపుల్లయ్య ఆ మాటని తీసిపారెయ్యలేదు. నిజంగానే ఆలోచించాడు. ఇంకో రెండింటి చెవులు కూడా చూసి వచ్చాక గాని అతని మొహం తేటపడలేదు.

“సరే, గొడవ ఖలాస్,” అన్నాడు బాబాయ్. “రేపు పొద్దున లారీ ఎక్కు.”

“మీరు పోండి.”

“అదేంటి?”

“పోయినాయనుకున్నప్పుడు ఎతకాలని ఉంటి. ఉండాయి గదా ఇప్పుడు. ఉండేటియి ఇడిసి యాడికి పోతా?”

తిరుపాలమ్మ ఏడ్చింది, తిట్టింది, ఊళ్ళో పెండ్లానికి ఏం చెప్పమంటావని అడిగింది. బాబాయ్ ఆమెని ఊరుకోమన్నాడు. “నీకర్థం కాదమ్మా. ఆయనకి అక్కడ బాగా నడుస్తోంది. పిండి, బూట్లు, ఆఫీసరు స్నేహం. మనతో ఎందుకొస్తాడు?” నాకూ అలాగే అనిపించింది, సగం. మిగతా సగం ఇంకోలా అనిపించింది, అది పైకి చెప్పలేదు.

ఆ సాయంత్రం చిన్నపుల్లయ్య నాతో బార్లీ బస్తాలన్నీ దొడ్డి పంచలోకి మోయించాడు. ఎలాగూ లారీ ముందు నుంచి తియ్యాల్సినవే. దుప్పులకి కొత్త పేర్లు వెతుక్కుంటున్నట్టున్నాడు, తనలో తను గొణుక్కుంటున్నాడు. మైలది, పొగది అన్నట్టు వినబడింది. మొదటిసారి సైనికులొచ్చినప్పుడు నువ్వే కావాలని వాళ్ళతో పోయావా, వాళ్ళు ఇటు రాకుండా, అని అడిగాను.

“పిలిచినారు, పోయినా,” అన్నాడు.

తెల్లారి లారీ బయటికి తీస్తున్నప్పుడు చిన్నపుల్లయ్య షట్టరు దగ్గర నిలబడ్డాడు. మళ్ళీ ఆ మిలటరీ బూట్లే వేసుకున్నాడు. ఆ మురికి చొక్కా కూడా చేతిలో పట్టుకున్నాడు. బాబాయ్ అద్దంలోంచి నాకు చూపించి కనుబొమ్మ ఎగరేశాడు, చూశావా అన్నట్టు. చూశాను. సైనికులు మళ్ళీ ఇటు అడుగు వెయ్యకముందే వాళ్ళకి ఎదురెళ్ళడానికి ఆ బూట్లు వేసుకున్నాడా, మరెందుకైనా వేసుకున్నాడా అన్నది ఆ మొహం చూసి నేను చెప్పలేకపోయాను. రోడ్డు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను.

మేం ఇంటికి చేరాం. యుద్ధం వచ్చింది, అయిపోయింది. మరుసటి వేసవిలో అతను ఊరికి వచ్చాడని తిరుపాలమ్మ కబురు పంపింది. నాకు ఊళ్ళో పనీ లేదు, మనసూ నిలవదు. బస్సెక్కి రాయచోటి వెళ్ళాను, అక్కణ్ణించి అతని ఊరికి. కోయిటు నుంచి ఉత్త చేతులతో వచ్చాడంటే ఊళ్ళో ఎవరూ నమ్మడం లేదు. బంగారం ఎక్కడో పాతిపెట్టాడని టీకొట్టువాడు నాకే చెప్పాడు, నేనెవరో అడక్కుండానే.

అతను చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి మంచం వాల్చాడు. బంగారయ్య మళ్ళీ పోతున్నాడా, కఫీల్ దేశానికి తిరిగొచ్చాడంట కదా, నాకు వీసా పంపుతాడేమో కనుక్కోగలవా అని అడిగాడు. మాట్లాడుతూ ఉంటే నా చూపు ఇంటి వాసానికి వేలాడుతున్న చిన్న గుడ్డ మూట మీద పడింది. ఉప్పు చెమ్మకి గుడ్డ గట్టిపడి ఉంది. ఇరాకీ సైనికుల చొక్కా గుడ్డ అది.

“ఏంటది?” అన్నాను.

“కఫీలుకు సూపియ్యాల్సినియి.”

ఆ మూట పెద్దదేమీ కాదు. అన్నీ అందులో పట్టవనిపించింది. పడతాయేమో అని కూడా అనిపించింది.

“ఎన్ని?” అన్నాను.

అతను లేచి, మూటని వాసం మీదికి, నా కంటికి అందనంత పైకి జరిపి కట్టాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. దొంగని చూసినట్టు చూశాడు నన్ను.

“ఉండాయిలే,” అన్నాడు.